ముందు వరుస కుర్చీ

న్యూయార్క్‌లోని ఆ యాడ్ ఏజెన్సీ మొత్తానికి నల్లజాతి మనిషి లవాన్ ఒక్కతే. అదీ ఇంకా తాత్కాలిక ఉద్యోగమే. యాడ్ చూపించడానికి ఏ కంపెనీకి వెళ్లినా బాస్ గ్రెగ్ ఆమెను ముందు వరుసలో కూర్చోబెట్టేవాడు. ఆమె రాసింది మాత్రం ఎప్పుడూ చూపించేవాడు కాదు. ఈసారి డైపర్ల యాడ్. ఇంట్లో చంటిదాన్ని పెట్టుకుని లవాన్ ప్రాణం పెట్టి రాసింది. అది కంపెనీకి నచ్చితే ఉద్యోగం ఖాయమవుతుందని ఆమె ఆశ.

"నువ్వు నవ్వుతూ కూర్చో చాలు తల్లీ, మాట్లాడేది నేను," అన్నాడు గ్రెగ్ లిఫ్టులో.

డైపర్ కంపెనీ వైపు కూడా ఒకే ఒక నల్లావిడ ఉంది. పేరు ఒడెస్సా. గ్రెగ్ యాడ్ బొమ్మలన్నీ చూపించాక ఆవిడ అడిగింది.

"ఏమ్మా, ఇందులో నువ్వు చేసిందేంటి?"

లవాన్‌కి ఒళ్లు మండింది. "ఈ కుర్చీ నింపానండీ."

గ్రెగ్ మొహం మాడిపోయింది. ఒడెస్సా పగలబడి నవ్వింది.

"నేనూ అంతేనే! పొద్దున్నే జీతాల సెక్షన్ నుంచి లాక్కొచ్చారు. డైపర్ల గురించి నాకు తెలిసిందల్లా ముగ్గురు పిల్లలకి మార్చడమే."

"అయితే నేను రాసింది మీరే వినాలి," అంటూ లవాన్ సంచిలోంచి కాగితం తీసింది.

తమ దగ్గరా నల్లవాళ్లున్నారని నలుగురికీ చూపించడానికే ఇద్దరినీ తెచ్చుకున్నారు కనుక నోరు మూయమని ఎవరూ అనలేకపోయారు. లవాన్ చదువుతుంటే గ్రెగ్‌తో సహా అందరూ నవ్వుతూ కూర్చున్నారు.