పుల్ల తప్పిన ఆసు

నేను ఒక ఆసును. ఆసంటే ఏమిటో తెలియని పట్నం వాళ్ల కోసం చెబుతున్నాను: అరచందమామ ఆకారంలో కోసిన చెక్క, దాని అంచున వరుసగా పుల్లలు, ఎదురుగా ఒంటరిగా ఇంకో పుల్ల. చీర నూలుకు రంగులద్దే ముందు దారాన్ని ఈ పుల్లల మీదుగా అటూ ఇటూ తిప్పుతారు. నా మీద తిరిగిన దారమంతా ముడేస్తే చంద్రుణ్ణి లాక్కొచ్చి మా వాకిట్లో మేకలా కట్టేయవచ్చు. అబద్ధమంటారా? కొలిచి చూసుకోండి.

నన్ను చేసింది వడ్రంగం చేసే వడ్ల బ్రహ్మయ్య. వేపచెక్కతో చేసి, టేకని చెప్పి అంటగట్టాడు. పుట్టుకలోనే బొంకు ఉంది కాబట్టి నా గొప్పలను క్షమించాలి. ఇక చెప్పబోయేది మాత్రం గొప్ప కాదు.

నా మొదటి యజమాని ఆండాళమ్మ. పక్కింటామెతో పోట్లాడుతూ, నా వంక చూడకుండానే తిప్పేది. ముసలితనంలో ఆమెకు పుల్లలు తప్పడం మొదలైంది. ఒక్క పుల్ల తప్పినా చీర మీద పువ్వు మెడ విరిగినట్టు వాలిపోతుంది. అందరూ నన్నే అనుమానించారు.

"చెక్క వంగింది. వడ్లాయనకు చూపియ్యుండ్రి" అంది కూతురు యశోద.

బ్రహ్మయ్య నన్ను చెక్కాడు, పుల్లలు మార్చాడు. మళ్లీ తప్పాయి. దిష్టి అన్నారు, నిమ్మకాయ కట్టారు. మనుషులు ఎంత తెలివైనవాళ్లంటే, తప్పును చెక్కలో వెతుకుతారు గాని చేతిలో వెతకరు. చివరికి ఆండాళమ్మ కన్నకూతుర్నే పట్టుకుని "ఎవరమ్మ నువ్వు, చీరలు కొననీకొచ్చినవా?" అని అడిగిన నాడు గాని నా మీద నింద పోలేదు.

ఆమె పోయాక యశోద చేతికి వచ్చాను. కొన్నేళ్లకు ఆమెకూ పుల్లలు తప్పాయి. ఈసారి నన్ను బ్రహ్మయ్య దగ్గరికి మోసుకుపోలేదు. ఆమెనే నరాల డాక్టరు దగ్గరికి తీసుకెళ్లారు. అల్జీమర్స్ అన్నాడాయన. తోడు వెళ్లిన కూతురు స్వరూప తన నెత్తురు కూడా పరీక్షకిచ్చింది. ఫలితం వచ్చిన రోజు నా ముందు కూర్చుని భర్త నరహరికి చెప్పింది.

"జన్యువులు అమ్మ దిక్కు నుంచి ఒకటి, నాయిన దిక్కు నుంచి ఒకటి జంటగ వస్తయంట. నా జంటల ఒకటి ఈ ముప్పు పెంచేదంట."

"అంటే నీకు గూడ వస్తదా?"

"వస్తదని చెప్పలేమన్నడు. రాదని గూడ చెప్పలేమన్నడు. అది ఉండి గూడ రానోళ్లు శానమంది ఉన్నరంట."

"మరి గంత సదివినాయన చెప్పిందేంది?"

"బీపీ చూసుకొమ్మన్నడు. రోజు నడువుమన్నడు."

"ఆసు తిప్పి తిప్పి నీ చెయ్యి దినాం కాశీకి నడిచి పోయొస్తనే ఉంటదని చెప్పకపోయినవా?"

ఆమె నవ్వలేదు.

తర్వాత మోటారు ఆసు వచ్చింది. నన్ను అటకెక్కించారు. నాకు అసూయ లేదు. సరే, కొంచెం ఉంది. ఆ యంత్రం పుల్ల తప్పదు. అయితే ఎవరి చెయ్యి తడబడుతోందో కూడా చెప్పదు. ఈ సంగతి స్వరూపకు తట్టింది.

మా వాళ్లు అమావాస్య నాడు మగ్గం ముట్టరు. ఆ రోజు ఆమె నన్ను దించి, యశోద మంచం ఉన్న వెనక గదిలో తలుపేసుకుని, ఒక చుట్టు తిప్పేది. చీర కోసం కాదు, తన కోసం. చివరి పుల్ల దాటితే గాని ఊపిరి వదిలేది కాదు.

మొన్న అమావాస్యకు నడిమి పుల్ల ఒకటి తప్పింది.

పడుచుపిల్లలకూ తప్పుతుంది. అలవాటు పోయినా తప్పుతుంది. ఆ మాట చెబుదామంటే, ఇంతసేపు మీ దగ్గర వాగిన నా నోరు ఆమె దగ్గర పెగలలేదు. స్వరూప ఆ పుల్ల మీద వేలు పెట్టి అలాగే కూర్చుండిపోయింది.

మంచం మీది నుంచి యశోద చూస్తోంది. కూతురి పేరు ఆమె ఏనాడో మరచిపోయింది.

"ఎవల బిడ్డవో గని, పరేషాన్ గాకు. చెక్క వంగింది. వడ్లాయనకు చూపియ్యి."

"చూపిస్తనమ్మా" అంది స్వరూప.

ఒకప్పుడు ఆ నిందకు నాకు ఒళ్లు మండేది. మొన్న మాత్రం, నా చెక్క నిజంగానే వంగి ఉంటే ఎంత బాగుండేదో అనుకున్నాను.