సున్నా నుంచి ఎనిమిది దాకా

...అయితే ఆ మత్తు నిద్రేనా? నిద్రయితే గిల్లగానే లేవాలి కదా. మరుపనుకుందామంటే, మరిచిపోవడానికైనా ఆ మనిషి అక్కడ ఉండాలి. పద్దెనిమిదేళ్లుగా నా ఆలోచన ఇక్కడిదాకా వచ్చి ఆగిపోతోంది.

నేను ఒక వేపరైజర్‌ని. మత్తు మిషన్‌కి బిగించిన లోహపు డబ్బాని. నా కడుపులో సెవోఫ్లురేన్ అనే మత్తుమందు పోస్తారు. చూడ్డానికి నీళ్లలా ఉంటుంది, కాస్త తియ్యటి వాసన. నాలోంచి వెళ్లే ఆక్సిజన్ దాని ఆవిరిని వెంటబెట్టుకుపోతుంది. ఊపిరితిత్తుల్లోంచి రక్తంలోకి, రక్తంలోంచి మెదడుకి. అక్కడ నరాల మధ్య మాటలు అణిగిపోతాయట. ఎలాగన్నది డాక్టర్లకీ పూర్తిగా తెలియదు. తెలియని పనికే నా డయల్ మీద సున్నా నుంచి ఎనిమిది దాకా అంకెలు చెక్కారు. మనుషుల ధైర్యం అలాంటిది.

ఏదో చలిదేశంలో పుట్టాను. విశాఖలో ఒక పెద్దాసుపత్రిలో పదేళ్లున్నాను. కొత్త మిషన్లు రాగానే నన్ను విజయనగరం పక్కనున్న ఈ ధర్మాసుపత్రికి ఇచ్చేశారు. ఇక్కడ నన్ను తిప్పేది మత్తు డాక్టరు వనజాక్షి.

ఒక ఉదయం ఐదేళ్ల నీలవేణికి హెర్నియా ఆపరేషన్. మామ్మ అసిరమ్మ పిల్లని చంకనేసుకుని థియేటర్ గుమ్మం దాకా వచ్చింది.

"పిల్ల ఏమైనా తిందా?" డాక్టరమ్మ అడిగింది.

"ఏటీ తిన్నేదమ్మా. ఒట్టు."

పిల్లని బల్లమీద పడుకోబెట్టారు. డాక్టరమ్మ బొటనవేలు నా డయల్ మీదికొచ్చింది. పిల్లని మాటల్లో పెడుతూ, "ఈ బొట్టెవరు పెట్టారే?" అంది.

"గుళ్లో తాత."

"ఇంకేం పెట్టాడు?"

"సక్కెర పొంగలి. రెండు దొన్నెలు! మామ్మది గూడా నానే తినేసినాను."

బొటనవేలు ఆగిపోయింది. నా ఆవిరి ఎక్కితే గొంతు తన కాపలా మానేస్తుంది. కడుపులోది పైకొచ్చి ఊపిరితిత్తుల్లో పడితే పిల్ల దక్కదు.

డాక్టరమ్మ గుమ్మంలోకి వెళ్లి అరిచింది. "అబద్ధం ఎందుకు చెప్పావు? పిల్ల ప్రాణం పోయేది!"

"అబద్దమేటమ్మా? పెసాదం తిండేటి? పిల్లని కోత్తారని అమ్మోరికి మొక్కి ఎట్టినాను."

టెక్నీషియన్ సన్యాసిరావు గొణిగాడు: "ఉపాసం రోజున మేమూ తింటామండి, పెసాదం."

"నువ్వు నోర్ముయ్!"

నాకేమీ తేలలేదు. ముసలామె అబద్ధమాడలేదు. డాక్టరమ్మ కోపమూ తప్పు కాదు. కడుపుకి మాత్రం ఏది ప్రసాదమో, ఏది తిండో తెలియదు.

ఆపరేషన్ మర్నాటికి వాయిదా పడింది. ఈసారి పిల్లని ఖాళీ కడుపుతో తీసుకొచ్చారు. డయల్ ఎనిమిది. పిల్ల మాస్కులోకి బుడగ ఊదినట్టు ఊదింది. నాలుగో ఊపిరికో ఐదో ఊపిరికో చూపు తేలిపోయింది. ఎక్కడికి వెళ్లిందో! తర్వాత రెండు. నలభై నిమిషాలకి సున్నా. నా ఆవిరి చాలావరకు వెళ్లిన దారినే, ఆ ఊపిరిలోనే బయటికొచ్చేసింది. అంత లోపలికి వెళ్లొచ్చినా ఏం చూసిందో నాకు చెప్పలేదు. పిల్ల కళ్లు తెరిచి "మామ్మా" అని ఏడ్చింది. వెళ్లిన పిల్లే వచ్చిందని అసిరమ్మకి ఏ అనుమానమూ లేదు. ఉన్నది నాకే.

తర్వాతి రోగి కాగితం డాక్టరమ్మ చేతికొచ్చింది. "చివరిసారి ఎప్పుడు తిన్నారు?" అన్న అచ్చువేసిన ప్రశ్న దగ్గర ఆమె పెన్ను ఆగింది. తర్వాత దాని కింది ఇరుకు జాగాలో చిన్న అక్షరాలతో రాసింది:

"గుళ్లో ఏం పెట్టారు?"