గట్టు లేని సాలు

తల నుంచి పాదం దాకా ఒకే గుడ్డగా కుట్టిన తెల్ల సూటది. దాన్ని అద్దాల గోడ వెనక కొక్కేనికి తగిలించి, మరకున్న వైపు అందరికీ కనపడేలా తిప్పిపెట్టాడు మేనేజరు చైతన్యకృష్ణ. పైన నంబరు అంటించాడు. పేరు రాయలేదు. పేరు రాస్తే మర్యాదగా ఉండదనుకున్నాడు కాబోలు. ఆ నంబరు ఎవరిదో బట్టలు మార్చుకునే గదిలో తెలియని ఆడమనిషి లేదు. ఆ నంబరు గల ప్రేమమ్మ మూల బల్ల మీద, ఎవరో ఇచ్చిన తువ్వాలు నడుముకు చుట్టుకుని కూర్చుంది. అందరూ సూటును చూశారు. ఆమెను మాత్రం ఎవరూ చూడలేదు.

"కంపెనీ రూలమ్మా. నా చేతుల్లో ఏం లేదు" అన్నాడు చైతన్యకృష్ణ. చేతులకు తొడుగులున్నాయి కదా, ఏదీ అంటదు.

ఏం జరిగిందని ఆయన అడిగినప్పుడు లైను లీడరు జాస్మిన్ ఒకే ముక్క చెప్పింది.

"కంటామినేషన్ సార్."

ఆ ముక్క ఇంగ్లీషులో ఉండబట్టి నోరు దాటింది. తెలుగులోనైతే గొంతులో అడ్డం పడేది. పెద్దామె ఉచ్చ ఆపుకోలేక బట్టల్లో పోసుకుంది, పోయొస్తానంటే పోనివ్వనిది నేనే అని చెప్పాల్సి వచ్చేది మరి.

ఈ కథ జరిగింది చిలకలూరిపేట దాటి మార్టూరు వైపు వెళ్ళే హైవే పక్కన. కార్మికులారా, విద్యార్థులారా, మీరు ఆ దారిన బస్సులో పోయే ఉంటారు. ఒక పక్క మిరప చేలు, కల్లాల్లో ఎర్రగా ఎండుతున్న కాయ. ఇంకో పక్క ధర వచ్చేదాకా మిరప టిక్కీ బస్తాల్ని చలిలో దాచిపెట్టే కోల్డ్ స్టోరేజీలు. దాచిపెట్టడం ఈ నేలకు కొత్త కాదు. అందుకేనేమో, కోల్డ్ స్టోరేజీ గోడనానుకుని డేటా స్టోరేజీ కంపెనీ వెలిసింది. ఒకదాంట్లో కారం, ఒకదాంట్లో సమాచారం, రెంటికీ మధ్య కూలి వాళ్ళ గ్రహచారం.

లోపల కంప్యూటర్లకు హార్డ్ డిస్కులు తయారవుతాయి. అద్దంలా మెరిసే గుండ్రటి బిళ్ళ, దాని మీద తాకీ తాకనట్టు తిరిగే చిన్న ముల్లు. ఆ రెండింటినీ పెట్టెలో అమర్చి మూత బిగించడం ఆడవాళ్ళ పని. కంటికి కనపడని ధూళి రేణువు పడినా డిస్కు పాడవుతుంది. అందుకని తెల్ల సూటు, మూతికి గుడ్డ, ఒంటి మీది దుమ్మును గాలితో ఊడ్చేసే గాలిగది. ఊళ్ళో దాన్ని బిళ్ళల కంపెనీ అంటారు.

ఈ బిళ్ళల పనికి కూలీల్ని తోలింది యలమందయ్య. కోల్డ్ స్టోరేజీ ఆయనదే, లేబరు కాంట్రాక్టూ ఆయనదే. ఆయన మనుషుల్ని విడివిడిగా ఏరలేదు. మిరప కోతలకు వెళ్ళే ముఠాను ముఠాగా ఎత్తుకొచ్చాడు. దానికో కారణముంది.

కోతల్లో తలా ఒక సాలు పట్టుకుని కోసుకుంటూ పోతారు. ముందు చివరికి చేరినామె "గట్టూ" అని కేకేస్తుంది. కేకేసి గట్టెక్కి కూర్చోదు. వెనకబడినామె సాలును అటు చివర నుంచి అందుకుని ఎదురు కోస్తుంది. ఒకామెకు జ్వరమొస్తుంది, ఒకామెకు చంకలో బిడ్డుంటుంది, ఒకామె ముసలిది. ఎవరైతేనేం, ఆఖరి సాలు తెగేదాకా ఏ ఆడదీ గట్టెక్కదు, అన్నం మూట విప్పదు. జాస్మిన్‌కు మొదటిసారి నెలసరి వచ్చింది అట్లాంటి సాలులోనే. వేసవి సెలవుల్లో కూలికొచ్చిన పిల్ల, లేచి నిలబడలేక చెట్ల మధ్య ముడుచుకుని కూర్చుంటే, ప్రేమమ్మ పైట చెంగు చింపి చేతికిచ్చింది. ఏమీ అడక్కుండా ఆ పిల్ల సాలు తను కోసేసింది. ముఠా మొత్తం ఎండలో నిలబడి ఉంది.

"వీళ్ళు ఒకళ్ళనొదిలి ఒకళ్ళు కదలరు సార్" అని మేనేజరుకు చెప్పాడు యలమందయ్య. కంపెనీ టార్గెట్టు మనిషికి పెట్టలేదు, లైనుకు పెట్టింది. ఒకరు లేచి వెళితే ఆ పని పక్కామె నెత్తిన పడుతుంది. ఇక ఎవరూ లేవరు. కాపలా పెట్టే పని తప్పింది.

ఈ ఏడు గిరాకీ విరగబడింది. ఎక్కడో కంప్యూటర్లకు తెలివి నేర్పుతున్నారట. నేర్చుకున్న తెలివి దాచుకోవడానికి డిస్కులు చాలడం లేదట. ఇంకా తయారుకాని డిస్కులు కూడా ముందే అమ్ముడుపోయాయట. ఆ తెలివిలో చెంచాడైనా మేనేజర్లకు పోస్తే బాగుండేది. టార్గెట్టు పెంచారు, బెల్టు వేగం పెంచారు. సూటు విప్పి, పోయొచ్చి, మళ్ళీ తొడుక్కుని, గాలిగది దాటేసరికి బోలెడంత పని పోతోందని, టార్గెట్టు అయ్యాకే బైటికన్నారు. లోపల గిగాబైట్లు, టెరాబైట్లు. బైటికి పోవడానికి మాత్రం ఏ బైటూ పనికిరాదు. ఆడవాళ్ళు పొద్దున్నుంచి నీళ్ళు తాగడం మానేశారు. మంట, జ్వరం, నడుంనొప్పి. ఒకరికొకరు చెప్పుకోలేదు.

ఆ రోజు ప్రేమమ్మ రెండుసార్లు అడిగింది.

"అమ్మాయ్, ఒక్కసారి ఒంటికి పోయొస్తానే."

"కాసేపాగత్తా. ట్రే నిండనియ్యి."

"ట్రే నిండింది గదటే."

"ఇంకోటి పెట్టారుగా. నన్ను తిట్టిస్తావా ఏంది?"

మూడోసారి అడగలేదు. చేతులు బిళ్ళల మీద ఆడుతూనే ఉన్నాయి. కింద తెల్లటి నేల మీద తడి పాకుతూ వచ్చి జాస్మిన్ బూటు దగ్గర ఆగింది. జాస్మిన్ బూటు వెనక్కి తీసుకుంది. తర్వాత ఎన్నిసార్లు తలుచుకున్నా, అన్నిటికన్నా ఎక్కువ సిగ్గుపడింది అలా వెనక్కి తీసుకున్నందుకే.

సాయంత్రం యలమందయ్య పల్లెకొచ్చాడు. ప్రేమమ్మ గుమ్మం ముందు మోటారుసైకిలు దిగకుండానే, "ఒంట్లో బాగోటంలేదని మానెయ్ ప్రేమమ్మా. పరువుగా పోద్ది" అన్నాడు. పరువు తీసినవాళ్ళే పరువును పరుపులా పరిచారు, పడుకోమని. ప్రేమమ్మ తలుపేసుకుంది.

ఆదివారం ఆరాధన అయ్యాక చర్చి ఆవరణలో చాపలు పరిచారు. చర్చికి వచ్చేవాళ్ళే కాదు, ముఠాలోని హిందువులు, తురకలు కూడా వచ్చారు. ప్రేమమ్మ గోడవార కూర్చుంది. జాస్మిన్ అందరికీ వెనకాల, చెప్పులు విడిచిన చోట కూర్చుంది.

మీటింగు మొదలైంది గానీ మాట మొదలు కాలేదు. "ఆ విషయం" అన్నారు. "అట్టాంటిది జరిగినప్పుడు" అన్నారు. "ఆడోళ్ళ సంగతులు నలుగుర్లో ఎందుకులే" అన్నారు. కంపెనీ గేటు దగ్గర తుపాకీ పట్టుకున్న మనిషున్నాడు గానీ, అసలు కాపలా కాసేది ఈ సిగ్గే. దానికి జీతం కూడా ఇవ్వక్కర్లేదు.

జాస్మిన్ తండ్రి జక్రయ్య లేచాడు. సంఘ పెద్ద.

"చూడండమ్మా. ఇయ్యాల గిరాకీ ఉంది. రేపు డిస్కుల బదులు చిప్పులొస్తాయంట. చిప్పులొస్తే మన చేతికొచ్చేది చిప్పే. ఉన్నన్నాళ్ళు తల దించుకుని చేసుకుంటే పిల్లలు నాలుగు ముక్కలు చదువుకుంటారు. ప్రేమమ్మకి జరిగిందానికి నాకూ బాధే."

"ఏం జరిగింది బాబాయ్, ప్రేమమ్మకి?" అంది బసవమ్మ.

బసవమ్మ కౌలుకు పత్తేసి, పురుగు తినగా మిగిలిన అప్పుతో ముఠాలో చేరిన రైతు పెళ్ళాం. లైనులో ప్రేమమ్మ పక్క సీటు.

"అదేనమ్మా, జరిగింది."

"అదేనంటే ఏంది? చెప్పు. నువ్వు చెప్పలేవు, నేను చెప్తా. ఉచ్చ పోసుకుంది. నేను పోసుకోలేదనుకున్నారా? నా మనవరాలి గుడ్డలు మడత పెట్టి కట్టుకుని పోతున్నా రోజూ. నాది బైటికి కనపళ్ళా, ఆమెది కనపడింది. అంతే తేడా."

మగవాళ్ళు నేల చూశారు. అప్పుడు చాప చివర నుంచి కరీమున్ మెల్లిగా అంది. "నేను నీళ్ళు మానేశా. ఆస్పత్రిలో గ్లూకోజెక్కించారు. ఇంట్లో వడదెబ్బని చెప్పా." ఇంకొకామె లేచింది. ఇంకొకామె కూర్చునే చెప్పింది. చెబుతున్న కొద్దీ ఒకరి మాట మీద ఒకరు పడి మాట్లాడారు. ఎవరో నవ్వారు కూడా. ఆ నవ్వులో ఏడుపుంది.

జాస్మిన్ చెప్పుల మధ్య నుంచి లేచింది.

"అత్తని ఆపింది నేను. సారడిగితే కంటామినేషనని చెప్పిందీ నేనే."

"ఆ సంగతి మాకు తెలీదటే? లీడరువై నీ టోపీ రంగు మారినప్పుడే మారావు" అంది బసవమ్మ.

గోడవారనున్న ప్రేమమ్మ తల ఎత్తకుండా మాట్లాడింది.

"అది ఆపిందని ఆగలేదే నేను. ఒళ్ళు మండింది దాని మీద, అది వేరు. లేచిపోతే బసవమ్మ మీద పడుద్దని ఆగా. అదీ మిరప సాలే అనుకున్నా. ముఠాలో పుట్టిన బుద్ధి ఎక్కడికి పోద్ది? ఇంకాస్త లాగితే గట్టొస్తదనుకున్నా. ఎంత లాగినా రాలా. దానికి గట్టు లేదే. పొలంలో సాలు మనది, చివరుంటది. ఆ బెల్టు గుండ్రంగా తిరుగుద్ది. గుండ్రంగా తిరిగేదానికి చివరెక్కడిది? మనం ఒకళ్ళకొకళ్ళం ఆగుతున్నాం, వాడు నవ్వుకుంటన్నాడు."

బసవమ్మే అంది, "గట్టు లేకపోతే మనమే వేద్దాం."

వాదనలు రేగాయి. బయటి రాష్ట్రం వాళ్ళని తెస్తారని ఒకరు. తెస్తే వాళ్ళకూ ఉచ్చ వస్తుందని ఇంకొకరు. చివరకు మూడు మాటలు తేలాయి. సూటు దించాలి. ప్రేమమ్మ తిరిగి రావాలి. ఒంటికి పోవడానికి ఎవరినీ అడగక్కర్లేదు. కానీ బెల్టు ఆగితేనే గట్టు. బెల్టు ఆపే ఎర్ర మీట నొక్కే అధికారం లైను లీడరుకే ఉంది. అందరూ వెనక్కి తిరిగి చూశారు.

"దాన్ని డిప్లొమా చదివించింది ఇందుకా?" అన్నాడు జక్రయ్య.

జాస్మిన్ తల దించుకుంది. అది అవునో కాదో ఎవరికీ అర్థం కాలేదు.

సోమవారం పొద్దున ప్రేమమ్మను గేటు దగ్గరే ఆపేశారు. రోడ్డు పక్కన కూర్చుంది. లోపల లైను మొదలైంది. సూటు ఇంకా అద్దాల గోడ వెనక వేలాడుతూనే ఉంది. పొద్దెక్కింది. బసవమ్మ ఒకటికి రెండుసార్లు జాస్మిన్ వైపు చూసింది. జాస్మిన్ చెయ్యి మీట దాకా వెళ్ళి, ట్రే సర్దినట్టు నటించి వెనక్కి వచ్చింది. ఇంకోసారీ అంతే. డిప్లొమా, జీతం, తండ్రి ముఖం, అన్నీ ఆ వేళ్ళ మీద బరువుగా కూర్చున్నాయి.

చివరి బల్ల దగ్గర కరీమున్ మోకాళ్ళు దగ్గరికి నొక్కుకుని నిలబడటం కనిపించింది. ఆమె అడగడం లేదు. అడగాలన్న ఆలోచన కూడా ఉన్నట్టు లేదు.

జాస్మిన్ మీట నొక్కింది.

బెల్టు ఆగితే అంత నిశ్శబ్దంగా ఉంటుందని అక్కడెవరికీ తెలియదు. మూతి గుడ్డ కిందికి లాక్కుని, "గట్టు" అంది. గొంతు రాలేదు.

"ఏందే, మిరపకాయ నమిలినట్టు. వినపడాలి" అంది బసవమ్మ.

"గట్టూ."

ఆ గదిలో ఎన్నడూ వినపడని కేక అది. చేతుల్లో బిళ్ళలు అక్కడే పెట్టి అందరూ లేచారు. గాలిగది తలుపు దగ్గర ముందు చేరిన వాళ్ళు ఆగారు, కరీమున్ వచ్చేదాకా. ఆమెను ముందు పంపారు.

చైతన్యకృష్ణ పరుగున వచ్చాడు. "ఎవరాపారు? మెషీను ట్రబులా? కంటామినేషనా?"

"కాదు సార్" అంది జాస్మిన్. మొహం ఎర్రబడింది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అయినా తెలుగులోనే చెప్పింది. "ఉచ్చకి పోతున్నాం సార్. అందరం. ఆ రోజు మా అత్తని ఆపింది నేను. నాతో ఆపించింది మీరు."

కొక్కెం మీది సూటు తీసి భుజాన వేసుకుని బయటికి నడిచింది.

గేటు దగ్గరికి ఆమె వచ్చేసరికి, లోపలి నుంచి ఫోను వెళ్ళిందేమో, పోలీసు జీపు వచ్చి ఉంది. విలువైన సరుకు పాడు చేసిందని కేసట. యలమందయ్య ఎస్సై పక్కన నిలబడి వేలు చూపించాడు. జాస్మిన్ సూటును ప్రేమమ్మ చేతుల్లో పెట్టింది. ప్రేమమ్మ సూటు దులిపి, చీర మీదే తొడుక్కుంది. మరక ముందుకుంది. అట్లాగే వెళ్ళి జీపు ముందు నిలబడింది. బసవమ్మ వెళ్ళి పక్కన నిలబడింది. ఆ తర్వాత ముఠా. ఎస్సై ఎటు చూడాలో తెలియక టోపీ సర్దుకున్నాడు.

జాస్మిన్‌ను జీపెక్కించారు గానీ జీపు కదల్లేదు. ఆమె పక్కన కూర్చున్న ఆడ కానిస్టేబులు, ముందుకే చూస్తూ, పెదాలు కదపకుండా అంది. "బందోబస్తు డ్యూటీలో మాకూ ఇంతేనమ్మా."

కంపెనీ గోడ లోపలి నుంచి, ఆవరణలోకొచ్చేసిన రెండో లైను వాళ్ళ కేక వినపడింది. "గట్టూ." మూడో లైను అందుకుంది. జాస్మిన్ తల ఎత్తలేదు. నేల మీద వెనక్కి జరిగిన తన బూటే ఇంకా కళ్ళ ముందుంది. ఆ సిగ్గు ఇప్పట్లో పోయేది కాదు. పోకూడదని కూడా అనుకుంది.

హైవే అవతల మిరప చేలో కోతలు కోస్తున్న ఇంకో ముఠా నడుములెత్తింది. వాళ్ళకు బిళ్ళల సంగతి తెలియదు, కేసు సంగతి తెలియదు. ఆ కేక మాత్రం తెలుసు. ఎక్కడో ఎవరి సాలో మిగిలిపోయిందని దాని అర్థం.

కాయ బస్తాలు అక్కడే వదిలేసి, సాళ్ళు సగంలో ఉండగానే, మొదటిసారి వాళ్ళు గట్టెక్కి రోడ్డు మీదికొచ్చారు.