పీనుగ లేని శోకం

అత్తగారి మీద భాగ్యశ్రీకి పాతికేళ్లుగా ఒకటే ఫిర్యాదు: ఆమె ఏడిస్తే కూడా జనం మెచ్చుకునేవారు. ఏడవడానికేముంది, ఎవరైనా ఏడుస్తారు. అంజవ్వ మాత్రం రాగం తీసేది. ఎల్లారెడ్డి చుట్టుపక్కల ఎవరు పోయినా ముందు అంజవ్వకు కబురు, ఆ తర్వాతే చుట్టాలకు. పీనుగ పక్కన కూర్చుని, పోయిన మనిషిని పేరూ వరసా పెట్టి పిలుస్తూ, వాళ్లు తిన్నదీ తినలేకపోయిందీ ఒక్కొక్కటే ఎత్తి శోకం పెడితే, పొలం గెట్టు పంచాయితీ ఉన్న దాయాదులు కూడా ముక్కు చీదుకునేవారు. తన సొంత తల్లి పోయినప్పుడు భాగ్యశ్రీ గుండె పగిలేలా ఏడ్చింది. వచ్చినవాళ్లు మాత్రం "మీ అత్త ఏమేడ్చిందే! మీ అమ్మ పెట్టి పుట్టింది" అని చెప్పి పోయారు. డిగ్రీ చదివిన కోడలి ఏడుపుకు ఎవరూ మార్కులు వేయలేదు.

ఆ గొంతు అంజవ్వ కొడుకు సిద్ధిరాములుకు రాలేదు. కామారెడ్డిలో మోటార్లకు వైండింగ్ చేసే మనిషికి రాగం ఎందుకని దేవుడు అనుకుని ఉంటాడు. గొంతు కాకపోయినా ఆ చెవి మాత్రం మనవరాలు సాయిలతకు దిగింది. సాయిలత హైదరాబాద్‌లో ఒక యూనివర్సిటీలో సంగీతం, ఆడియో ప్రొడక్షన్ చదువుతోంది. ఆ చదువేమిటో చుట్టాలకు చెప్పడం భాగ్యశ్రీ వల్ల కాలేదు. "సౌండ్ ఇంజనీరింగ్" అని చూసింది. "డీజేనా? మా పిల్లగాని బరాత్‌కు చెప్తం తియ్" అన్నారు వాళ్లు.

సాయిలతకు అక్కడ సుఖమేమీ లేదు. క్లాసులో సగం మంది చిన్ననాటి నుంచి కీబోర్డు వాయించినవాళ్లు, ఇంట్లోనే స్టూడియో పెట్టుకున్నవాళ్లు. ఈ పిల్ల యూనివర్సిటీ స్టూడియోలో తన వంతు కోసం మెట్ల మీద కూర్చునేది. కష్టపడి కలిపిన పాట వినిపిస్తుంటే తోటివాళ్లు ఫోన్లు చూసుకునేవారు. "నాకు చెవులు తప్ప ఏం లేవమ్మా" అని ఒకసారి ఫోన్‌లో ఏడ్చింది.

"ఏడుస్తున్నవా? మరి రాగమేదే?" అంది భాగ్యశ్రీ. పిల్ల ఏడుస్తూనే నవ్వింది.

ఆఖరి ఏడాది ప్రాజెక్టుకు మేడమ్ ఒక మాట చెప్పింది: మీ ఇంట్లో ఉండి, రేపు లేకుండా పోయే శబ్దం ఏదైనా తెమ్మని. సాయిలత మైకు సంచీలో వేసుకుని కామారెడ్డికి వచ్చి, ఇప్పుడు కొడుకింట్లోనే ఉంటున్న అంజవ్వ ముందు కూర్చుంది.

"అవ్వా, ఒక్క శోకం పెట్టవా? మా సార్లకు ఇనిపిస్త."

"పీనుగ లేంది శోకమేందే? ఇంటికి మంచిది గాదు."

"ఉత్తగనే అవ్వా."

"ఉత్తగ ఏడుస్తరా ఎవరన్న? పేరు పెట్టకుంటే శోకం నడువది. బతికున్నోళ్ల పేరు పెడితే వాళ్లకు ముప్పు. ఎవరి పేరు పెట్టుమంటవ్? మీ బాపుదా?"

"వద్దు వద్దు!"

"మీ అమ్మదా?"

"అత్తమ్మా!" అని వంటింట్లోంచి గరిటెతో సహా వచ్చింది భాగ్యశ్రీ.

అంజవ్వ బోసినోటితో నవ్వి, తర్వాత నవ్వు ఆపేసింది. "నా పేరే పెట్టుకుంట. నేను పోయిన్నాడు నాకు ఏడ్చెటోళ్లెవరు? బిడ్డ గంగాబాయికి గొంతు లేదు, కోడలికి రాగం లేదు. ఊరందరికి ఏడ్చిన, నాకు నేనే ఏడ్చుకుంట. దాచిపెట్టు బిడ్డా. ఆ దినం పెట్టు."

పక్కింట్లో పిండిగిర్ని రోజంతా తిరుగుతూనే ఉంటుంది. అందుకని సాయిలత కరెంటు ఎప్పుడు పోతుందా అని కాచుక్కూర్చుంది. కరెంటు పోతే సంబరపడే మనిషి కామారెడ్డి మొత్తంలో తన కూతురొక్కతే అని భాగ్యశ్రీ అనుకుంది. లైను రిపేరని మధ్యాహ్నం కరెంటు తీయగానే, సాయిలత తలుపులకు బొంతలు కట్టి, హెడ్‌ఫోన్స్ పెట్టుకుంది.

"ముందుగాల ఖాళీ గది చప్పుడు తీస్కోవాలె. ఎవ్వరు మాట్లాడొద్దు."

ముగ్గురూ గుడ్లప్పగించి కూర్చున్నారు. ఏమీ లేనిదాన్ని రికార్డు చేయడం నేర్పడానికి ఒక యూనివర్సిటీయా అనుకుంది భాగ్యశ్రీ. ఆ తర్వాత అంజవ్వ కళ్లు మూసుకుని ఎత్తుకుంది.

"ఓ అంజవ్వా... నీ చాటల ఆకు ఎండిపాయెనే... నీ కత్తెర తుప్పు వట్టెనే... ఊరి పీనుగలకు ఏడ్చినవు గదనే, నీ పీనుగకు గొంతు కరువాయెనే..."

జీవితమంతా బీడీలు చుట్టిన చేతులు గాలిలో ఊగాయి. భాగ్యశ్రీకి ఒళ్లు జలదరించింది. ఒప్పుకోవడం ఇష్టం లేక లేచి వంటింట్లోకి పోయింది.

కాసేపటికి సాయిలత వెనకే వచ్చింది. మొహం పాలిపోయి ఉంది.

"అమ్మా, అవ్వ ఊపిరి తీస్కుంటుంటే లోపల గరగర అంటున్నది. నీళ్లల్ల బుడగలు లేచినట్టు. ఉత్త చెవులకు తెలుస్తలేదు, మైకు దగ్గర పెట్టిన గాబట్టి ఇనవడ్డది. రేపే దవాఖానకు తీస్కపోదాం."

"సౌండ్ చదువుల డాక్టరీ గూడ చెప్తున్నరా? తంబాకు దుమ్ము మింగిన పానం. బీడీలు చేసేటోళ్లందరికి గట్లనే ఉంటది."

"అట్ల కాదమ్మా, ఒక్కసారి నువ్వు ఇను." హెడ్‌ఫోన్స్ చాచింది.

"రేపు బీర్కూర్‌ల మీ మామ ఇల్లు గృహప్రవేశం. ఒచ్చినంక చూద్దాం తియ్."

బీర్కూర్ నుంచి వచ్చారు. సాయిలత హాస్టల్‌కు పోయింది. పోయిందన్న మాటేగానీ రోజూ ఫోనే. "తీస్కపోయినవా అమ్మా?" "పోతం." "గరగర పెరిగిందా?" "నాకేం ఇనవడతలేదు." "నేను చెప్పేది ఇంటున్నవా?" "ఇన్న, ఇన్న."

ఇంతలో ఇంటికి సున్నం వేయించడం వచ్చింది, మిరపకాయలు ఎండబెట్టడం వచ్చింది. అంజవ్వ కూర్చునే నిద్రపోవడం మొదలుపెట్టింది. పడుకుంటే ఆయాసం వస్తోందంది. భాగ్యశ్రీ రెండు దిండ్లు ఎక్కువ వేసింది.

ఒకనాడు పొద్దున్నే చాయ్ గ్లాసు అంజవ్వ చేతిలోంచి జారిపడింది. ఆటోలో దవాఖానకు చేరేసరికే పెదవులు నల్లబడ్డాయి. పొద్దెక్కేలోపు అయిపోయింది.

"ఊపిరితిత్తుల్లో నీరు చేరి చాలా రోజులైంది. ముందే తెస్తే మందులకు తగ్గేది. ఇంట్లో ఎవరూ గమనించలేదా?" అని డాక్టరు అడిగాడు.

సిద్ధిరాములు భార్య వైపు చూశాడు.

"లేదు సార్. మాకేం తెల్వలే" అంది భాగ్యశ్రీ.

పీనుగను ఎల్లారెడ్డికి తీసుకుపోయారు. వాకిట్లో ఆడవాళ్లంతా కూర్చుని ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. ఊరికంతా శోకం పెట్టిన మనిషికి శోకం పెట్టేవాళ్లు లేరు. ఆడబిడ్డ గంగాబాయి "అమ్మా" అని మొదలుపెట్టి దగ్గుతో ఆపేసింది. భాగ్యశ్రీ నోరు తెరిచింది. గాలి తప్ప ఏమీ రాలేదు.

అప్పుడు సాయిలత లేచి, చిన్న స్పీకరు తెచ్చి, అవ్వ తలాపున పెట్టింది. అవ్వ అడిగిన పని అది. ఎవరికీ చెప్పలేదు, చెప్పాలని తట్టలేదు.

ముందు ఆ ఖాళీ గది చప్పుడు వచ్చింది. పీనుగ చుట్టూ ఉన్నవాళ్లంతా ఎందుకో ఊపిరి బిగబట్టారు. ఆ నిశ్శబ్దంలో సన్నగా, తెంపు లేకుండా, గర్... గర్... గర్... భాగ్యశ్రీకి ఈసారి హెడ్‌ఫోన్స్ అక్కర్లేకపోయింది.

"ఓ అంజవ్వా..."

పీనుగ తన ఏడుపు తానే ఏడుస్తోంది. చంటిపిల్లల తల్లులు లేచి బయటికి ఉరికారు. ఎవరో స్పీకరును కాలితో తన్నారు. అది దొర్లుకుంటూ పోయి కూడా పాడుతూనే ఉంది.

గంగాబాయి సాయిలత రెక్క పట్టుకుంది. "బతికున్న మనిషితోని పీనుగ లేని శోకం పెట్టిచ్చినవా? నువ్వే మింగినవ్ గదనే మా అమ్మను! సదువు సదువని ఇదా నేర్చుకున్నది? భాగ్యా, నీకు తెల్వదా?"

"నేను వంటింట్ల ఉన్న వదినె" అంది భాగ్యశ్రీ. అది సగం నిజం. మిగతా సగం ఆమె తర్వాతి మాటలో పోయింది. "వద్దంటే ఇంటదా అది?"

సాయిలత తల్లి వైపు చూసింది. ఆ చూపులో కోపం కూడా లేదు. అదే భాగ్యశ్రీకి అన్నం సహించకుండా చేసింది.

ఆనాటి నుంచి పిల్ల ఎవరితోనూ మాట్లాడలేదు. ప్రాజెక్టు ఇవ్వాల్సిన వారం వచ్చేసింది. మేడమ్ ఫోన్ చేస్తే తీయలేదు. నీళ్లు మోసింది, విస్తర్లు ఎత్తింది. ఆమె ముట్టుకున్న చెంబును గంగాబాయి మళ్లీ తోమింది. భాగ్యశ్రీ ఒక్క మాట చెబితే ఆ చెంబు రెండోసారి తోమాల్సిన పని లేదు. ఆ మాట చెబితే ఇక తోమేది తన చెంబు.

పదకొండో దినం పిండాలు పెట్టి వచ్చాక సిద్ధిరాములు అందరి ముందూ కూర్చున్నాడు. గుండు చేయించుకున్న తల, పదేళ్లు ముసలైన మొహం. కూతురి వైపు చూడకుండా మాట్లాడాడు.

"ఇగ ఆ సదువు బంద్. హాస్టల్‌ల ఉన్న సంచి గిట్ల తెచ్చుకుందాం. ఆ ఏడ్పు ఉన్న ఫోన్ ఇటు తీస్కరా. అందరి ముంగట తీసెయ్. మా అమ్మ పానం సల్లవడాలె."

సాయిలత ఫోన్ తెచ్చింది. "తీసేస్తే ఇంకోటి లేదు బాపూ" అంది. ఇన్ని రోజుల్లో అదే మొదటి మాట.

"అందుకే తీసెయ్మంటున్న."

"తీసెయ్యే, ఇంకెవరి పేరు పెట్టిద్దామని?" అంది గంగాబాయి.

పిల్ల వేలు ఫోన్ మీద ఆగింది. కళ్లు ఎత్తలేదు. తల్లి వైపు అసలే చూడలేదు. చూసి ఉంటే భాగ్యశ్రీ ఈసారి కూడా ఊరుకునేదేమో.

"ఆగు" అంది భాగ్యశ్రీ.

అందరూ తిరిగారు. ఆమె కొంగును నోట్లో కుక్కుకుని, మళ్లీ తీసేసింది.

"వదినే, నేను వంటింట్ల లేను. ఆడనే ఉన్న. మీ అమ్మ తన పేరు తనే పెట్టుకున్నది, ఆ దినం పెట్టుమని తనే చెప్పింది. శోకం మింగలే ఆమెను."

"మరేం మింగింది?" అన్నాడు సిద్ధిరాములు.

ఎల్లారెడ్డి ఆడవాళ్లంతా ఆమె నోటి వైపే చూస్తున్నారు. ఇన్నాళ్లకు. రాగం మాత్రం ఇప్పటికీ రాలేదు. ఉత్త మాటలే వచ్చాయి.

"ఊపిరిల గరగర ఉన్నదని పిల్ల ఆనాడే ఇన్నది. దవాఖానకు తీస్కపొమ్మని నాకు చెప్పింది, దినాం చెప్పింది. డాక్టరు అడిగితే తెల్వదని అబద్ధమాడిన. పిల్ల మీద పడుతుంటే సూస్కుంట ఊకున్న. అది ఇన్నది. నేనే ఇనలే. తప్పు నాది."