టైరు కింద రాయి

"దిగు, రాయి పెట్టు."

పెళ్లయినప్పటి నుంచి మా ఆయన కారులో నాతో మాట్లాడిన మాట ఇదొక్కటే అనిపిస్తుంది. ఎత్తు రోడ్డు మీద బండి ఆగిందంటే చాలు, నేను తలుపు తీసుకుని దిగాలి. డిక్కీలోంచి రాయి తీసి వెనక టైరు కిందికి తోయాలి. ఆయన ఇంజను గోల పెట్టించి బండి కదిలించాక, రాయి చంకన పెట్టుకుని వెనకాలే పరుగెత్తాలి. పక్కన పోయే బస్సుల్లోంచి జనం తలలు బయటపెట్టి చూసేవాళ్లు. కారు కడిగేది నేను, సీట్లకు కవర్లు కుట్టేది నేను, పిల్లలు కక్కుకుంటే తుడిచేది నేను. స్టీరింగు మాత్రం ఆయన సొత్తు. నాకు లైసెన్సు లేదా అంటే ఉంది. మా మహిళా సంఘం శిక్షణ ఇప్పించినప్పుడు చదును రోడ్ల మీద నేర్చుకుని తెచ్చుకున్నాను. "బీరువాలో పెట్టుకో, చీరలకు తోడుంటాది" అని నవ్వాడు మా సుంకప్ప. గుంతకల్లు రైల్వేలో కుర్చీ పని ఆయనది. మాట్లాడితే మాత్రం రైళ్లన్నీ తనే నడుపుతున్నట్టు ఉంటుంది.

ఈ వేసవిలో ఆయన ఎడమ మోకాలికి ఆపరేషన్ అయింది. క్లచ్ తొక్కకూడదన్నాడు డాక్టరు. నేను నడుపుతానంటే "అమ్మేస్తా గానీ నీ చేతికియ్య" అన్నాడు. తిప్పేష్ అనే బేరగాడికి మాట కూడా ఇచ్చేశాడు. అప్పుడు మా అత్త ఓబులమ్మ అడ్డం పడింది. కొడుకు మోకాలు బాగవ్వాలని, శ్రావణ సోమవారం మల్లప్ప కొండకు వస్తానని మొక్కుకుందట. ఆయన పెద్ద జడ్జీలాగా గొంతు సవరించుకున్నాడు.

"సరే, సునందనే ఎక్కించనీ సూద్దాం. ఒక్కసారి బండి ఎనక్కి జారిందా, మర్నాడే తాళాలు తిప్పేష్ చేతిలో."

నాకు ఎత్తు మీద నడపడం రాదు. ఒప్పుకోవడానికి సిగ్గెందుకు? ఎవరు నేర్పించారు గనక! మా వీధి చివర మాబీ దగ్గరకు పోయాను. టమోటాల టెంపో నడుపుతుంది. మర్నాడు ఆయన స్నేహితుడి బండెక్కి డ్యూటీకి పోగానే, కారు తీసుకుని ఇద్దరం మల్లప్ప కొండ దారి పట్టాం. సగం ఎత్తులో మాబీ ఆపమంది. ఆపాను. ఇప్పుడు కదిలించమంది. క్లచ్ వదిలాను, ఇంజను చచ్చింది, బండి వెనక్కి జారడం మొదలుపెట్టింది. అప్పుడు నేనేం చేశానో తెలుసా? తలుపు తీసి కిందికి దూకేశాను. రాయి కోసం!

మాబీ హ్యాండ్‌బ్రేకు లాగి కెవ్వుమంది. "యా అల్లా! డ్రైవరే దిగిపోతే ఎట్లక్కా? యాడికి పోతాండావ్?"

"రాయి పెట్టొద్దా?" డిక్కీ పట్టుకుని అడిగాను.

మాబీ నవ్వి నవ్వి కళ్లు తుడుచుకుంది. నాకూ నవ్వు ఆగలేదు. రోడ్డు పక్కన కూలబడి, కొండ మీది గాలిమరలు కూడా ఉలిక్కిపడేట్టు నవ్వాను. కాస్త తేరుకున్నాక మాబీ అడిగింది, "ఇంతకీ రాయెందుకక్కా? బ్రేకు బాగుండాది కదా. సూడు, గోడకు కట్టేసినట్టు నిలబడింది బండి."

చూశాను. కారు అంగుళం కదలడం లేదు. హ్యాండ్‌బ్రేకు పనిచేయదనే కదా ఆయన ఇన్నాళ్లూ చెప్పింది? అంటే ఎత్తులో కదిలించడం ఆయనకూ రాదు. రాదని చెప్పడం అంతకన్నా రాదు. ఇన్నేళ్లూ ఆ కారుకు హ్యాండ్‌బ్రేకును నేను!

ఒళ్లు మండింది. ఆ మంటతోనే సీట్లో కూర్చున్నాను.

"బ్రేకు లాగే ఉంచు. మొదటి గేరు. క్లచ్ మెల్లగా వదులు. ఇంజను గొంతు మారతాది, ముక్కు పైకి లేస్తాది. ఆడ కాలు ఆపి, కొంచెం రేసిచ్చి, అప్పుడు బ్రేకు దించు."

మొదట బండి కప్పలా గెంతింది. తర్వాత మళ్లీ చచ్చింది. కానీ రోజంతా కుట్టు మిషన్ తొక్కే పాదాలు నావి, కాలి కింద సన్నటి తేడా వాటికి తెలుసు. ఆ చోటు దొరికింది. బండి ఒళ్లంతా ఒకసారి వణికి, నా మాట కోసం ఆగినట్టు ఆగింది. బ్రేకు దించాను. పైకి! వెనక్కి వేలెడు కూడా జారలేదు. గొంతు చించుకుని కేక పెట్టాను. ఆ రోజంతా, చక్కగా ఎక్కుతున్న బండిని కావాలనే ఆపి, మళ్లీ మళ్లీ ఎక్కించాను.

సోమవారం ముందు సీట్లో ఆయన, వెనక అత్త, ఆమె పక్కన కొబ్బరికాయల సంచి. కింది నుంచే మొదలుపెట్టాడు. "గేరు మార్చు. హారన్ కొట్టు. ఎడమకు తియ్యి." పెద్ద మలుపులో ముందున్న బస్సు ఆగింది. నేనూ ఆపాను. మా వెనక ఇంకో బస్సు వచ్చి కాస్త దూరంలో ఆగింది. అలవాటు కొద్దీ అత్త అంది, "ఒమ్మే, దిగి రాయి పెట్టు."

నేను కదలలేదు. బ్రేకు లాగి కూర్చున్నాను.

"దిగవా? జారిపోతాది!" ఆయన మొహం నిండా చెమట. నేను దిగేట్టు లేనని తెలిసి, తిట్టుకుంటూ తనే కుంటుతూ దిగాడు. డిక్కీ తెరిచిన చప్పుడు, మూసిన చప్పుడు. అంతలో ముందు బస్సు కదిలింది. క్లచ్ మెల్లగా వదిలాను. బండి వణికింది. బ్రేకు దించాను. మెత్తగా, హాయిగా పైకి పోయింది నా కారు. అద్దంలో చూస్తే, నడిరోడ్డు మీద రాయి చంకన పెట్టుకుని మా ఆయన. వెనక బస్సులోంచి జనం తలలు బయటపెట్టి చూస్తున్నారు.

"అత్తా, నీ కొడుకును సూడు."

ఆమె వెనక్కి తిరిగింది. ముక్కు మీద వేలేసుకుంది. తర్వాత కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది గానీ, భుజాలు మాత్రం ఊగిపోతున్నాయి.

పాపం, మోకాలు నొప్పి మనిషి. ఆగాలి. ఆగాను, కొండ మొత్తంలో నిట్టనిలువుగా ఉన్న చోట, రోడ్డు పక్కకు తీసి. ఆయన వచ్చేలోగా అత్త దిగి, ముందు తలుపు తీసి నా పక్కన కూర్చుంది. "మీ మామ కాలం నుంచి ఎనకే కూసున్నా మే. ముందర నుంచి కొండ ఎట్లుంటాదో సూడనీ."

ఆయన రొప్పుతూ వచ్చి ముందు తలుపు దగ్గర నిలబడ్డాడు.

"ఎనక ఎక్కు నాయనా" అంది తల్లి.

ఎక్కాడు, రాయి ఒళ్లో పెట్టుకుని. పారేయమని ఎవరూ చెప్పలేదు మరి.

"తిప్పేష్‌కు ఫోన్ చేసి చెప్పు, కారు అమ్మేది లేదని" అన్నాను.

ఆయన ఒళ్లో రాయిని అటూ ఇటూ జరిపాడు. తర్వాత సన్నగా, "మాటిచ్చినా కదా. నేనెట్లా చెప్పేది? నువ్వే ఏదో ఒకటి చెప్పు" అన్నాడు. ఇచ్చిన మాటలు ఆయనవి, తప్పించుకునే అబద్ధాలు నావి. మా ఇంట్లో ఎప్పుడూ ఇంతే.

మొదటి గేరు వేశాను.

"నేను చెప్పలేనప్పా. బండి తోలతాండా. ఫోన్ మాట్లాడకూడదు."