రేపటి బిళ్ల, ఎల్లుండి బిళ్ల

వానలు పడే నాలుగు నెలలూ జెర్బో నెలకోసారి మా గుడిసెకు వస్తాడు. చలిజ్వరం రాకముందే ఐదేళ్ల లోపు పిల్లలకు మందు వేయడం వాడి పని. వాడు సామో జాతివాడు. మేము మోసీలం. తాతల నాటి నుంచి మా రెండు జాతులకూ వేళాకోళపు వరస. వాళ్లు ఏమన్నా మేము నవ్వాలి. మేము ఏమన్నా వాళ్లు నవ్వాలి. మేము వాళ్ల బానిసలమని వాళ్ల ఎగతాళి, వాళ్లు కుక్క తలకాయలు తింటారని మా ఎగతాళి. కోపగించుకుంటే తప్పు.

మూడో నెల వాడు వచ్చేసరికి కోడలు హాడో చంటివాణ్ణి వీపున కట్టుకుని జొన్నచేలో కలుపుకు పోయింది. చంటివాడికి ఇంకా మూడు నెలలు నిండలేదు, అప్పటిదాకా మందు వేయరు. ఇంట్లో నేనూ మూడేళ్ల మనవరాలు లమూసా ఉన్నాం.

"ఏరా బానిసా, నా పెళ్లాన్ని ఎక్కడ దాచావ్?" అన్నాడు జెర్బో. లమూసాను పెళ్లామనడం వాడి వేళాకోళం.

"కుక్క తలకాయలు నమిలే నోటికి పెళ్లాం కూడానా?" అన్నాను.

నీళ్లలో బిళ్లలు నలిపి లమూసాకు తాగించాడు. చేదుకు అది మెలికలు తిరిగి ఏడ్చింది. తర్వాత రెండు పసుపు బిళ్లలు నా చేతిలో పెట్టాడు.

"రేపొకటి, ఎల్లుండొకటి. నువ్వు మింగేవు, మీ మోసీవాళ్లకి ఆకలెక్కువ. మానేశావో, కంకి కోసేలోపు పిల్ల మట్టిలోకి పోద్ది. నీ ఇంటి చావుకొచ్చి కుక్క తలకాయ అడుగుతా!"

ఇద్దరం పొట్ట పట్టుకుని నవ్వాం. సామోవాడి నోట చావు మాట మాకు దీవెన కిందే లెక్క.

మర్నాడు గిన్నె చూడగానే లమూసా నా కాళ్లు చుట్టేసుకుంది. "వద్దు తాతా, చేదు." ఒంట్లో ఏమీ లేని పిల్ల. జెర్బో మాట తలుచుకుంటే నవ్వొచ్చింది. బిళ్ల పేడకుప్పలోకి విసిరేశాను. మూడో రోజుదీ అంతే.

"ఏశావా మామా?" అని హాడో రెండు రోజులూ అడిగింది.

"ఏశాను."

ఇరవై రెండో రోజున లమూసాకు జ్వరం తగిలింది. మర్నాడు ఫిట్స్ వచ్చాయి. వాగు పొంగింది, ఆసుపత్రికి దారి లేదు. ఆ మర్నాడు పొద్దున పాతిపెట్టాం.

జెర్బో నాలుగోసారి వచ్చాడు. వాడికి తెలియదు.

"బానిసా! నా పెళ్లాం ఏదిరా? పాతేశావా ఏంటి?"

హాడో రోకలి ఆపింది. "పాతేశాం."

జెర్బో ముందు నవ్వాడు. తర్వాత ఆమె ముఖం చూశాడు. సంచి కింద పెట్టి, ఆమె వీపు మీది చంటివాడి వైపు చూశాడు.

"చంటోడికి మూడో నెల నిండింది. ఈడికైనా ఏద్దాం," అన్నాడు.

"నీ మందు నీ సామో కుక్కలకెయ్యి. మూడు రోజులూ తాగింది నా పిల్ల. ఏం ఆపింది?"

ఆ మాటకు ఎవరూ నవ్వలేదు. జెర్బో నావైపు తిరిగాడు. "మూడు రోజులూనా?"

వానలు ఇంకా నెలున్నాయి. నేను నోరు మూసుకుంటే చంటివాడికి మందు పడదు.

"తాగలేదు," అన్నాను. "రెండు బిళ్లలూ నేనే పారేశాను."

"ఎందుకు?" అంది హాడో.

"వాడు నవ్వులాటకన్నాడనుకున్నాను."

హాడో ఏడవలేదు. వీపు మీది గుడ్డ విప్పి, చంటివాణ్ణి జెర్బో ఒళ్లో పెట్టింది. పిల్లాడు మందు మింగేదాకా వాడి ముక్కు పట్టుకుంది. మిగిలిన రెండు బిళ్లలూ చెంగున ముడేసుకుంది.

"ఈణ్ణి నువ్వు ముట్టుకోకు మామా," అంది.

జెర్బో సంచి భుజానికి ఎత్తుకున్నాడు. ఏదో ఒక తిట్టు తిడతాడని చూశాను. వాడు టోపీ తీశాడు.

"వెళ్లొస్తానండి, పెద్దాయనా."

నా డెబ్బై ఏళ్లలో ఏ సామోవాడూ నన్ను 'అండి' అనలేదు.