ప్రశ్నకు ముందే జవాబు

మలేషియాలోని పెనాంగ్‌లో, ఫ్యాక్టరీల వెనక వీధిలో ఉంది రొకియా పిన్ని ఇల్లు. పొద్దున్నే కొబ్బరిపాల అన్నం వాసన వస్తే, అద్దెకుండే అమ్మాయిలు కంచాలు పట్టుకుని వంటింటి గుమ్మం దగ్గర నిలబడతారు.

"కారం కాస్త తగ్గించి వెయ్యి, పిన్నీ," అంది మి హొంసా.

"కారం ఎంత వెయ్యమంటావే?" అని అప్పుడడిగింది పిన్ని. అడక్కపోతే బావుండదు కదా.

హొంసాది బర్మాలో మౌలమ్యాయిన్. ఇక్కడ యూనివర్సిటీలో ఎలక్ట్రానిక్స్ ఇంజనీరింగ్ చదివింది. ఆఖరి పరీక్ష రాసి వచ్చిన దగ్గర్నుంచీ ఆమె నోట జవాబు ప్రశ్నకంటే ముందు వస్తోంది. అందరికీ అలవాటైపోయింది. బస్సు డ్రైవరు కూడా ఆమె దిగే స్టాపు పేరు విన్నాకే, "ఎక్కడికమ్మా?" అనేవాడు.

చిక్కల్లా ఇంటర్వ్యూల్లోనే. కుర్చీలో కూర్చుందో లేదో, "లేదండీ, పని చేసే అనుమతి మీరే ఇప్పించాలి," అనేసేది. ఎదుటివాళ్లు మొహమొహాలు చూసుకుని, "మీకిక్కడ పని చేసే అనుమతి ఉందా?" అని అడిగేవాళ్లు. తర్వాత కబురు చేస్తామనేవాళ్లు. ఆ కబురు వచ్చేది కాదు.

"బుగ్గన చింతపండు బిళ్ల పెట్టుకుని వెళ్లు," అంది పక్కగది లస్త్రి. పెట్టుకెళ్లింది. అదే జవాబు పుల్లగా వచ్చింది.

ఆ నెలాఖరుతో చదువు వీసా సరి. అక్కడ బర్మాలో, సొంతూళ్లో కాల్పులు ఆగలేదు. "ఇప్పుడే రాకు తల్లీ," అంటోంది అమ్మ. ఇక్కడ ఉండకూడదంటోంది వీసా. ఎటు వెళ్లాలో హొంసాకి పాలుపోలేదు.

చివరిగా ఆస్పత్రి యంత్రాలు చేసే కంపెనీకి వెళ్లింది. గోహ్ అనే పెద్దమనిషి, చెడిపోయిన సర్క్యూట్ బోర్డొకటి బల్లమీద పెట్టాడు.

"వేడికి కాదండీ, తేమకి పోయింది. అంచుల్లో రాగి పచ్చబడింది చూడండి."

గోహ్ తెరిచిన నోరు మూసుకున్నాడు. "ఇది వేడికే పోయిందంటావా?" అని నీరసంగా అడిగాడు. వెనకే ఆమె నోట అనుమతి జవాబూ వచ్చేసింది. కబురు చేస్తామన్నారు.

ఇంటికొచ్చి, ఎక్కడికో తేలకుండానే పెట్టె సర్దడం మొదలుపెట్టింది. బర్మా ఆడవాళ్లు కట్టుకునే లుంగీ ఒకటి మడతపెడుతూ, "అలాగేనండీ, సోమవారం వస్తాను," అంది.

గదిలో ఆమె తప్ప ఎవరూ లేరు. గుమ్మంలోకి వచ్చిన లస్త్రికి, "ఏమో," అని కూడా చెప్పేసింది.

"ఎవరితోనే మాట్లాడుతున్నావ్?" అంది లస్త్రి. సంగతి విని మంచం మీద కూలబడింది. "ఉద్యోగమే అయ్యుంటుందే!" అంది. మళ్లీ తనే, "విమానం టికెట్లవాడేమో కూడా. సోమవారం వెళ్తావా అని అడుగుతాడేమో," అంది.

"వెళ్తాననలేదు. వస్తానన్నాను."

"విమానాశ్రయానికి రమ్మన్నా వస్తాననే కదా అంటావ్!"

హొంసాకి ఆ రోజు అన్నం సయించలేదు. తన మాట తనకే అర్థం కాలేదు. మర్నాడు ఫోన్ మోగిన ప్రతిసారీ ఉరికింది. ఒకటి అమ్మ చేసింది. ఒకటి ఎవరో పొరపాటున చేశారు.

సాయంత్రం మళ్లీ మోగింది. లస్త్రి ద్వారా సంగతంతా విన్న పిన్ని, వంటింట్లోంచి గరిటెతో సహా వచ్చి ఫోన్ దగ్గర చెవి పెట్టింది.

"గోహ్‌నమ్మా. బోర్డు విప్పి చూశాం, తేమే. నీ అనుమతికి మేం అర్జీ పెడతాం. సోమవారం వచ్చి సంతకాలు చేస్తావా?"

హొంసా నోరు తెరిచింది. లోపల ఏమీ లేదు. ఉన్న ఒక్క జవాబూ నిన్ననే అయిపోయింది.

"హలో? ఇష్టం లేదా అమ్మా?"

ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి. పెదాలు కదులుతున్నాయి కానీ గాలి తప్ప ఏమీ రావడం లేదు. పిన్ని చటుక్కున ఫోన్ లాక్కుంది.

"వస్తానని నిన్ననే చెప్పేసిందండీ! మీరే ఆలస్యంగా అడుగుతున్నారు!"

అవతల గోహ్ నవ్వాడు. "సరే, తొమ్మిదింటికి రమ్మనండి."

ఫోన్ పెట్టేశాక కూడా హొంసా అక్కడే నిలబడిపోయింది. పిన్ని పిలిస్తే వంటింట్లోకి వెళ్లింది. "నాకు నిజంగా ఇష్టమయ్యే వస్తానన్నానా, పిన్నీ?"

ఆ ప్రశ్నకి ముందుగా ఆమె నోట ఏ జవాబూ రాలేదు.

"సోమవారం వెళ్లి చూడు, తెలుస్తుంది," అంది పిన్ని, కంచంలో అన్నం వడ్డిస్తూ.